సభ ముగిసిన మరునాడు

(ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో, పూర్వ విద్యార్థుల సమావేశంలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



మన పాఠశాలకు 75 సంవత్సరాలు నిండిన ఈ శుభ సందర్భంలో గతాన్ని స్మరించుకొనే బాధ్యతను నాకంటె పెద్దలైనవారు స్వీకరించారు. నాకు అప్పగించిన విషయం రేపటికి సంబంధించినది. మన పూర్వ విద్యార్థులలో పలువురు ఇంజనీర్లు. వారిలో కొందరు ఈ బెళ్ళందూరు చుట్టుపక్కల, ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి ఉన్న సంస్థలలోనే ఉద్యోగాలు చేస్తున్నారు. ఇంజనీర్లు, పరిశోధకులు ఏటేటా సదస్సులు జరుపుకొంటున్నట్లే మన పాఠశాలలో కూడ ప్రతి సంవత్సరం విద్యార్థుల సాంకేతిక సదస్సు ఒకటి జరగాలని వారు ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదనను ఆమోదించే ముందు దాని సాధ్యాసాధ్యాలను ఈ సభలో వివరించవలసిందిగా పాలక మండలి నన్ను ఆదేశించింది.

ఈ ప్రతిపాదనకు నేను సుముఖురాలినే. అయితే ఒక షరతు ఉన్నది. రెండవ సదస్సును, మూడవ సదస్సును ఎవరు జరుపుతారో తేల్చుకొనకుండా మొదటి సదస్సును మొదలుపెట్టరాదు. ఒక్కసారి జరిగేది ఉత్సవం. మళ్ళీ మళ్ళీ జరిగేది వ్యవస్థ. ఉత్సవానికి ఉత్సాహం చాలును. వ్యవస్థకు అప్పగింత కావాలి. పెళ్ళి చేయడం ఒక ఎత్తు, కాపురం నిలబెట్టడం ఒక ఎత్తు అని మన పెద్దలు ఊరకే అనలేదు.

నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో వేరొక విద్యాసంస్థలో జరిగిన సంగతి ఒకటి మనవి చేస్తాను. అక్కడ ఒక ఉపాధ్యాయుని పూనికతో రెండేళ్ళు వరుసగా విజ్ఞాన ప్రదర్శన ఘనంగా జరిగింది. ఆయనకు బదిలీ అయింది. మూడవ ఏడు వచ్చేసరికి న్యాయనిర్ణేతల జాబితా ఎక్కడున్నదో, జమాఖర్చుల పుస్తకం ఎవరి వద్ద ఉన్నదో, బల్లలు ఏ దుకాణం నుండి అద్దెకు తెచ్చారో చెప్పగలవారు లేకపోయారు. వేసవి సెలవులన్నీ వెచ్చించి నీటిచక్రం నమూనా తయారుచేసుకొన్న ఒక ఎనిమిదవ తరగతి బాలుడు, ప్రదర్శన ఎప్పుడని రెండు నెలలపాటు వచ్చి అడిగాడు. తరువాత అడగడం మానివేశాడు. పిల్లవాడు అడగడం మానివేయడం కంటె పెద్ద నష్టం ఒక పాఠశాలకు మరొకటి లేదు.

మన ఊరి చెరువును తలచుకొంటే ఈ మాట ఇంకా బాగా బోధపడుతుంది. బెంగుళూరు నగరంలో అన్నిటికంటె పెద్ద చెరువు మన బెళ్ళందూరు చెరువు. దాని విస్తీర్ణం దాదాపు 900 ఎకరాలు. దాని నీరు వర్తూరు చెరువుకు, అక్కడి నుండి దక్షిణ పినాకినికి చేరుతుంది. చెరువు కట్టిన రోజున పూజలు చేసి ఉంటారు, భోజనాలు పెట్టి ఉంటారు. అయితే చెరువును బ్రతికించేది ఆ పూజ కాదు. ఏటేటా పూడిక తీసినవారు, కట్టకు మట్టి పోసినవారు, వేళకు తూము తెరచి వేళకు మూసిన నీరుగంటి, వీరు బ్రతికించారు. ఆ పని మానుకొన్న తరువాత ఏమి జరిగిందో మనం కళ్ళారా చూశాం. 2015లో నురగ రోడ్డుమీదికి వచ్చింది. 2017 ఫిబ్రవరిలోను, 2018 జనవరిలోను చెరువులోనే మంటలు లేచాయి. నీటిలో నిప్పు పుట్టిందన్న వార్తను ప్రపంచమంతా చదివింది.

ఏటా జరిగే సదస్సు కూడ చెరువు వంటిదే. ప్రారంభోత్సవం ఫోటోలకు పనికివస్తుంది. ఆ తరువాతి పూడికతీతే దాని ఆయువు.

ఈ రహస్యం తెలిసిన ఇంజనీరు ఒకరు ఈ సీమలోనే ఉండేవారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పూర్వుల గ్రామం మోక్షగుండం. ఆయన జన్మించినది ముద్దేనహళ్ళిలో. మైసూరు సంస్థానంలో చీఫ్ ఇంజనీరుగా ఉన్న కాలంలో, 1911లో, ఆయన పూనికతో మైసూరు ఆర్థిక సదస్సు ఏర్పడింది. ఏటేటా అధికారులు, వర్తకులు, రైతులు, విద్యావంతులు ఒకచోట సమావేశమై సంస్థానం బాగోగులు చర్చించేవారు. అంతమాత్రమే అయితే అది మరొక దర్బారు అయి ఉండేది. ఆ సదస్సుకు వ్యవసాయం, విద్య, పరిశ్రమలు-వాణిజ్యం అనే మూడు రంగాలలో స్థాయీ సంఘాలను ఏర్పాటు చేయడంలో ఉన్నది ఆయన దూరదృష్టి. సభ ముగిసినా సంఘం ముగియదు. వచ్చే సభకు ఏమి చేశామో చెప్పుకొనవలసిన బాధ్యత సంవత్సరం పొడుగునా వారిని వెన్నంటి ఉంటుంది. ఆ దశకంలోనే 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. వంతెనకు స్తంభాలు ఎంత అవసరమో, సభకు సంఘాలు అంత అవసరమని ఆ ఇంజనీరు గ్రహించారు.

మన దేశంలో ఏటేటా జరిగే విద్వత్సభలలో అందరికీ తెలిసినది భారత విజ్ఞాన కాంగ్రెసు. ఇంగ్లండులో 1831లో యార్కు నగరంలో ప్రారంభమైన బ్రిటిష్ అసోసియేషన్ పద్ధతిలో, మద్రాసు, లక్నో కళాశాలలలోని ఇద్దరు రసాయన శాస్త్ర ఆచార్యులు, సైమన్‌సన్, మాక్‌మహన్ గారలు, దీనికి అంకురార్పణ చేశారు. మొదటి సభ 1914 జనవరి 15, 16, 17 తేదీలలో కలకత్తాలో, అశుతోష్ ముఖర్జీ గారి అధ్యక్షతన జరిగింది. హాజరైనవారు 105 మంది. చదివిన పత్రాలు 35. నాలుగవ సభ 1917లో మన బెంగుళూరులోనే జరిగింది. 2008లో విశాఖపట్నానికి, 2017లో తిరుపతికి ఆ గౌరవం దక్కింది. 2020 జనవరిలో బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో జరిగినది 107వ సభ. పిల్లలు ఇక్కడ ఉన్నారు గనుక ఒక చిన్న లెక్క వేద్దాం. 1914 నుండి 2020 వరకు లెక్కిస్తే 107 సంవత్సరాలు. సభలు కూడ 107. రెండు ప్రపంచ యుద్ధాలు, దేశ విభజన, కరవు కాటకాలు ఏవీ ఆ వరుసను తెంచలేకపోయాయి.

అటువంటి సభ కోవిడ్ కారణంగా 2021లోను, 2022లోను జరగలేదు. 2023లో నాగపూరులో 108వ సభ జరిగింది. తరువాత నిధుల విషయమై ప్రభుత్వ శాఖకు, సంఘానికి మధ్య వివాదం తలయెత్తి, ఆతిథ్యమివ్వవలసిన విశ్వవిద్యాలయం తప్పుకొనగా 2024లో సభ జరగనేలేదు. ఎవరిది తప్పు అన్న చర్చ మనకు అవసరం లేదు. వందేళ్ళు దాటిన మర్రిమాను కూడ వేరు కదిలితే వాలుతుందని గ్రహిస్తే చాలును.

మరొక సభ ఉన్నది. అది పత్రికల మొదటి పుటకు ఎక్కినది కాదు. సాఫ్ట్‌వేర్ సాంకేతిక విజ్ఞానం, సైద్ధాంతిక కంప్యూటర్ శాస్త్రం, వీటి మూలసూత్రాలను చర్చించే వార్షిక సదస్సు 1981లో మన బెంగుళూరులో ప్రారంభమైంది. ఎఫ్.ఎస్.టి.టి.సి.ఎస్. అన్న పొడి అక్షరాలతో ఆ రంగంలోనివారికి సుపరిచితం. ప్రతి సంవత్సరం డిసెంబరులో జరుగుతుంది. ఒక ఏడు బెంగుళూరు, ఒక ఏడు చెన్నై, ఒక ఏడు కాన్పూరు, మరొక ఏడు ముంబై. హైదరాబాదులో 1996, 2005, 2012 సంవత్సరాలలో జరిగింది. 2023లో మళ్ళీ హైదరాబాదులోనే, ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో జరిగినది 43వ సదస్సు. 1981 నుండి 2023 వరకు లెక్కించండి. సంవత్సరాలు 43, సదస్సులు 43. కోవిడ్ కాలంలో అందరూ ఒకచోట చేరే వీలు లేనపుడు ఎవరి ఇళ్ళలో వారుండి అంతర్జాలం ద్వారా సభ జరుపుకొన్నారే గాని వరుస తప్పనివ్వలేదు.

ఎలక్ట్రానిక్ చిప్‌ల రూపకల్పనపై జరిగే అంతర్జాతీయ సదస్సు కథ కూడ ఇటువంటిదే. గోరంత సిలికాన్ పలక మీద లెక్కకు మించిన ట్రాన్సిస్టర్లను అమర్చే విద్యకు వి.ఎల్.ఎస్.ఐ. అని పేరు. 1985లో మద్రాసులో ఒక చిన్న కార్యశాలగా మొదలైన ఆ సభ, నేడు మన దేశంలోని పెద్ద నగరాలలో వంతులవారీగా జరిగే సదస్సు అయింది. ఈ సభికులలో కొందరి దైనందిన వృత్తి అదే.

ఇటువంటి సభలు నిలబడడానికి కారణాలు ఏమిటని మన పూర్వ విద్యార్థులను అడిగాను. వారు చెప్పినవి, నాకు తోచినవి కలిపి మీ ముందుంచుతున్నాను.

మొదటిది, పనుల విభజన. అటువంటి సదస్సుకు సాధారణంగా మూడు సంఘాలుంటాయి. ఏళ్ళ తరబడి ఉండి, సదస్సు ఎక్కడ జరగాలి, ఎవరు జరపాలి అని నిర్ణయించేది స్థాయీ సంఘం. వచ్చిన పత్రాలను చదివి మంచిచెడ్డలు నిర్ణయించేది కార్యక్రమ సంఘం. వేదిక, వసతి, భోజనం, జమాఖర్చులు చూసేది స్థానిక సంఘం. వంట చూసేవారు పత్రాల యోగ్యతను నిర్ణయించరు. పత్రాలు చూసేవారు పందిరి వేయించరు. మన పాఠశాలలలో సాధారణంగా ఈ మూడు పనులు ఒక్కరి నెత్తినే పడతాయి. ఆ ఒక్కరు అలసిపోతే, లేదా బదిలీ అయితే, సభ ఆగిపోతుంది.

రెండవది, కాలనియమం. డిసెంబరులో సభ అంటే దాని పని అంతకు ఏడాది ముందే మొదలవుతుంది. పత్రాలకు ఆహ్వానం పంపడం, గడువు తేదీ ప్రకటించడం, సమీక్షలు, అంగీకార లేఖలు, సవరించిన ప్రతులు, అచ్చు, అన్నిటికీ తేదీలుంటాయి. గడువు ఎంతటివారికైనా గడువే. వచ్చే సదస్సు ఎక్కడో, ఎప్పుడో ఈ సదస్సు ముగిసేలోగానే నిర్ణయమై ఉంటుంది.

మూడవది, వ్యాస సంపుటి. సభలో మాట్లాడిన మాట గాలిలో కలిసిపోతుంది. అచ్చయిన పత్రం తరువాతి వానికి మెట్టు అవుతుంది. నేను పేర్కొన్న ఆ కంప్యూటర్ సదస్సు సంపుటాలు 2008 నుండి ఎవరైనా రుసుము లేకుండా అంతర్జాలంలో చదువుకొనే విధంగా వెలువడుతున్నాయి. ఒక కుగ్రామంలోని విద్యార్థికి, ఒక మహా విశ్వవిద్యాలయంలోని ఆచార్యునికి అవి సమానంగా అందుతాయి.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది, మనకు అన్నిటికంటె కష్టమైనది. అది సమీక్ష. మంచి సదస్సులో రుసుము చెల్లించినంత మాత్రాన పత్రం స్వీకరించరు. ఆ విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురు చదివి, లోపాలు వ్రాసి పంపుతారు. వచ్చిన పత్రాలలో చాలా భాగం తిరిగిపోతాయి. రుసుము కడితే చాలు, ఏది పంపినా స్వీకరించి ప్రశంసాపత్రం చేతికిచ్చే సదస్సులు కూడ నేడు ఊరూరా ఉన్నాయి. వాటి వలన విద్యకు కలిగే మేలు ఏమీ లేదు.

ఇక్కడ తల్లిదండ్రులు నన్ను ఒక ప్రశ్న అడగవచ్చును. "పెద్దవారి సంగతి సరే, పన్నెండేళ్ళ పిల్ల వ్రాసిన పత్రాన్ని తిరస్కరిస్తారా? దాని మనసు నొచ్చుకోదా?" ఈ ప్రశ్న గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. అందరికీ బహుమతులిచ్చి పంపితే ఎవరి మనసూ నొచ్చుకోదు, నిజమే. కాని ఎవరి పనీ మెరుగుపడదు. తాను కొలిచిన కొలతలో పొరపాటున్నదని పిల్లకు ఎవరూ చెప్పకపోతే, మనం ఆ పిల్లను గౌరవించినట్లు కాదు. ఆమె పనిని చదవనట్లు.

అయితే తిరస్కారాన్ని పిల్లలు భరించగలిగే మార్గం ఒకటే ఉన్నది. అది "వచ్చే ఏడు" అన్న మాట. "నీ ప్రశ్న బాగున్నది. కొలతలు మూడు రోజులవే ఉన్నాయి. ముప్పై రోజులు కొలిచి వచ్చే ఏడు పంపు" అని వ్రాసి పంపగలగాలి. వచ్చే ఏడు సదస్సు ఉంటుందన్న నమ్మకం ఉంటేనే ఆ మాటకు విలువ. లేకపోతే అది వట్టి ఓదార్పు. నీటిచక్రం తయారుచేసిన ఆ బాలునికి ఎవరూ చెప్పలేకపోయిన మాట అదే. ఒక్కసారి జరిగే సభలో తిరస్కారం అవమానం. ఏటేటా జరిగే సభలో అది పాఠం. నేను రెండవ సదస్సు గురించి ముందుగా అడగడానికి కారణం ఇదే.

ఇక మన పిల్లలు వేటిమీద పత్రాలు వ్రాస్తారు? దీనికి దారి చూపిన సదస్సు ఒకటి మన నగరంలోనే పుట్టింది. భారతీయ విజ్ఞాన సంస్థలో డాక్టర్ టి.వి. రామచంద్ర గారి నాయకత్వాన శక్తి వనరులు, చిత్తడి నేలలపై పరిశోధించే బృందం 1998 నుండి రెండేళ్ళకొకసారి చెరువుల సదస్సు నిర్వహిస్తూ వచ్చింది. 2016లో మూడబిదిరెలో జరిగినది పదవది. దాని విశేషమేమంటే, పరిశోధకులతో పాటు పాఠశాలల విద్యార్థులు కూడ తమ ప్రాంతపు నీటివనరులను పరిశీలించి పత్రాలు సమర్పించే ఏర్పాటు అందులో ఉన్నది. ఆచార్యులు కూర్చున్న సభలో ఒక బడిపిల్ల లేచి తమ ఊరి చెరువు గురించి చెబుతుంది. పెద్దలు ప్రశ్నిస్తారు. ఆ పిల్ల సమాధానం చెబుతుంది. విద్య అంటే ఇంతకంటె ఏమున్నది?

మనకు విషయాలు వెతుక్కొంటూ దూరం వెళ్ళవలసిన పని లేదు. చెరువులో నురగ ఎందుకు పుడుతుంది? శుద్ధి చేయని మురుగునీటితో వచ్చిన సబ్బులు, డిటర్జెంట్లు చెరువులో పేరుకొంటాయి. వాన రాగానే నీరు కలగి, అలుగు వద్ద ఎత్తు నుండి పడేటపుడు గాలితో కలిసి నురగ అవుతుంది. దీనిని ఆరవ తరగతి పిల్లలు పరీక్షించి చూడవచ్చును. ఒకే పరిమాణం గల సీసాలలో సమానంగా నీరు పోసి, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క రకం సబ్బుపొడి సమాన తూకంలో వేసి, ఇరవైసార్లు కుదిపి, నురగ ఎత్తును నిమిషానికొకసారి స్కేలుతో కొలిచి పట్టిక వేయవచ్చును. ఖర్చు వంద రూపాయలకు మించదు.

2022 సెప్టెంబరులో వానలకు మన బెళ్ళందూరు రోడ్లు కాలువలైన సంగతి ఎవరూ మరచిపోలేదు. మన పాఠశాల మేడమీద వర్షమాపకం ఒకటి పెట్టి ప్రతిదినం ఉదయం 8.30కు కొలత వ్రాస్తే ఎంత విలువ! ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 200 చదరపు మీటర్ల మేడమీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 2,000 లీటర్లు. ఆ నీరు ఎక్కడికి పోతున్నది? ఇంకుడు గుంతలోకా, రాజకాలువలోకా? ఈ లెక్కను ఈ ఏటి పిల్లలు ప్రారంభిస్తారు. అయిదేళ్ళ తరువాత మరొక తరగతి పిల్లలు అయిదేళ్ళ వానను పోల్చి చూస్తారు. ఏ ఒక్క తరగతీ ఒంటరిగా చేయలేని పని ఇది. వరుస తప్పని సదస్సు మాత్రమే చేయించగలదు.

భాష గురించి రెండు మాటలు. మనది తెలుగు మాధ్యమ పాఠశాల. కన్నడ దేశంలో, ఇంగ్లీషు ఏలుతున్న నగరంలో ఈ దీపాన్ని 75 ఏళ్ళు కాపాడుకొన్నాం. సాంకేతిక విషయాలు తెలుగులో చెప్పడం సాధ్యమా అని ఇప్పటికీ కొందరు సందేహిస్తారు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించినపుడు కూడ ఆ సందేహం ఉండేది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల స్థాయి పాఠ్యగ్రంథాలను, పారిభాషిక పదకోశాలను వెలువరించింది. ట్రాన్సిస్టరును ట్రాన్సిస్టరనే అందాం, ఇబ్బంది లేదు. అది ఏమి చేస్తుందో మాత్రం తెలుగులో చెప్పగలగాలి. నా అనుభవంలో, అర్థం కాని విషయాన్ని ఇంగ్లీషులో అప్పగించగల పిల్లలు చాలామంది ఉన్నారు. అర్థం కానిదానిని అమ్మమాటలో చెప్పగల పిల్లను నేను ఇంతవరకు చూడలేదు. అందుచేత పత్రం తెలుగులోనే ఉండాలి. ఇరుగుపొరుగు పాఠశాలలవారికి కూడ ఉపయోగపడేటట్లు, ఒక పుట సారాంశం కన్నడంలోను, ఇంగ్లీషులోను జతచేద్దాం.

దీని వలన మరొక లాభం కూడ ఉన్నది. ఎక్కడినుండో ఎత్తి వ్రాసినది, ఇంజనీరైన తండ్రి రాత్రికి రాత్రి వ్రాసి ఇచ్చినది, తెలుగులో ఇట్టే పట్టుబడుతుంది. తండ్రులు నవ్వుతున్నారు. నేను ఎవరినీ ఉద్దేశించి అనలేదు.

ఇప్పుడు నా ప్రణాళికను క్లుప్తంగా మనవి చేస్తాను. మన విద్యాసంవత్సరం జూన్‌లో మొదలవుతుంది. జూన్ చివరి వారంలో పత్రాలకు ఆహ్వానం. జూలై నెలాఖరుకు ప్రతి బృందం తన ప్రశ్నను ఒకే ఒక్క వాక్యంలో వ్రాసి ఇవ్వాలి. ఆగస్టు, సెప్టెంబరు నెలలు కొలతలకు. అవి వాన నెలలు గనుక నీటి విషయాలకు అనుకూలం. దసరా సెలవుల తరువాత పత్రం సమర్పించాలి. నవంబరులో సమీక్ష. డిసెంబరు మొదటి శనివారం సదస్సు. జనవరికి జరిపితే పదవ తరగతి పిల్లలకు పరీక్షల బరువు మీద పడుతుంది. అందుచేత డిసెంబరు దాటరాదు.

సమీక్షకు పూర్వ విద్యార్థులు కావాలి. పత్రం మీద పిల్లల పేరు ఉండదు, సంఖ్య మాత్రమే ఉంటుంది. ఒక్కొక్క పత్రాన్ని ఇద్దరు చదవాలి. తమ పిల్లలు, బంధువుల పిల్లలు పాల్గొన్న సంవత్సరం వారు సమీక్షకు దూరంగా ఉండాలి. ప్రతి సమీక్షకుడు మూడు విషయాలు వ్రాయాలి: ఇందులో మంచి ఏది, లోపం ఏది, తరువాత ఏమి చేయాలి. "బాగున్నది" అన్న ఒక్క మాట వ్రాసి పంపితే నేను తిప్పి పంపుతాను.

ధనం విషయం. దాతలు ఉదారంగా ముందుకు వచ్చారు, కృతజ్ఞతలు. అయినా ఒక నియమం పెట్టుకొందాం. మొత్తం ఖర్చు ఒక్కరే భరించరాదు, సదస్సుకు దాత పేరు పెట్టరాదు. ఒక్క స్తంభం మీద నిలిచిన పందిరి ఆ స్తంభంతోనే కూలుతుంది. వచ్చిన సొమ్ములో మొట్టమొదట వ్యాస సంపుటి అచ్చుకు, రెండవది వర్షమాపకం, త్రాసు వంటి పరికరాలకు తీసి ఉంచాలి. మిగిలిన దానితోనే భోజనాలు, పూలదండలు. భోజనం తగ్గితే ఒక పూట మాట. సంపుటి తగ్గితే ఒక సంవత్సరం పోయినట్లే.

మా ఉపాధ్యాయుల పనిభారం నాకు తెలియనిది కాదు. జనగణన, ఎన్నికలు వంటి పనులు మీద పడే రోజుల్లో మరొక బరువా అని కొందరి ముఖాలలో కనిపిస్తున్నది. అందుకే సదస్సు పని చేసే ఉపాధ్యాయులకు వారానికి రెండు పీరియడ్లు తగ్గిస్తూ కాలపట్టిక వేస్తాను. దీనిని సేవ అని పొగడి ఉచితంగా చేయించుకొనడం నా అభిమతం కాదు.

చివరిది, అప్పగింత. ఎల్లప్పుడు ముగ్గురు నిర్వాహకులుంటారు: నిరుటివారు, ఈ ఏటివారు, వచ్చే ఏటివారు. నిరుటివారు సలహా ఇస్తారు. ఈ ఏటివారు నడుపుతారు. వచ్చే ఏటివారు ప్రక్కన నిలిచి నేర్చుకొంటారు. సదస్సు ముగిసిన పదిహేను రోజులలోగా అప్పగింత పుస్తకం పూర్తి కావాలి. ఎవరికి ఆహ్వానాలు పంపాం, ఎవరు రాలేదు, ఎంత ఖర్చయింది, మైకు ఎక్కడి నుండి వచ్చింది, ఏ పిల్లకు "వచ్చే ఏడు" అని మాట ఇచ్చాం, అన్నీ అందులో ఉండాలి. ముఖ్యంగా ఆ చివరి జాబితా. మాట ఇచ్చిన పిల్లలను జూన్‌లో మనమే పిలిచి అడగాలి.

నాకు ఉద్యోగ విరమణ ఎంతో దూరంలో లేదు. అయిదవ సదస్సు నాటికి ఈ స్థానంలో వేరొకరు ఉంటారు. ఆ రోజున వారు నా పేరు తలచుకొనవలసిన అవసరం రాకపోతే, పుస్తకం తెరచి పని మొదలుపెట్టగలిగితే, మన ప్రయత్నం ఫలించినట్లు.

కనుక పూర్వ విద్యార్థులకు నా అభ్యర్థన ఇది. వెలుపల బల్లమీద మూడు కాగితాలు ఉంచాము. మొదటి సదస్సుకు పనిచేసేవారి జాబితాలో ఇప్పటికే చాలా పేర్లు ఉన్నాయని తెలిసింది, సంతోషం. రెండవ సదస్సు, మూడవ సదస్సు కాగితాలు ఇంకా ఖాళీగా ఉన్నాయి. వాటిలో పదేసి పేర్లు నిండిననాడు ఈ ప్రతిపాదనను పాలక మండలి ముందుంచి, ఆమోదించవలసిందిగా నేనే కోరుతాను. భోజనాలకు వెళ్ళే దారిలోనే ఆ బల్ల ఉన్నది.